మందుపాల ఒప్పందం

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో రోజూ ఒక అమ్మాయి కలుస్తుంది. మెడలో ఆఫీసు పట్టీ, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కోల్డ్ కాఫీ. మొన్న నా ముందే సంచీలోంచి రెండు మాత్రలు తీసి ఆ కాఫీతోనే గుటుక్కున మింగింది. ఒకటి థైరాయిడ్‌ది, ఒకటి ఐరన్‌ది. "రెండూ ఒకేసారి వేసుకోకూడదమ్మా, పైగా కాఫీతోనా?" అన్నాను. "మాత్రేగా ఆంటీ, లోపలికి వెళ్ళిపోతే చాలు" అని నవ్వేసి క్యాబ్ ఎక్కింది.

లోపలికి వెళ్ళిపోతే చాలదని చెప్పే తీరిక నాకుంది గానీ, వినే తీరిక ఆ పిల్లకు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఒకప్పుడు ఒక మనిషి ఖాళీ కడుపులోకి ఒక్క క్యాప్సూల్ పంపించలేక ఒక ఫ్యాక్టరీ మొత్తం నెలల తరబడి కొట్టుకుంది. ఆఫీసర్లు, యూనియను, డాక్టరు, నర్సునైన నేను, అందరం అందులో ఉన్నాం. మాలో ఎవరికీ అతని మీద పగ లేదు. అందరం అతని మేలు కోరినవాళ్ళమే. అదే అతని దురదృష్టం.

డెబ్బైల మొదట్లో మాట. పట్నం నుంచి బొంబాయి రోడ్డు మీద మదీనాగూడ దాటి ఇంకాస్త ముందుకు వెళ్తే ఒక సర్కారు ఫ్యాక్టరీ ఉండేది. యంత్రాలకు కావలసిన ఇరుసులూ మరలూ చేసేవాళ్ళు. నేను భీమవరం వైపు దాన్ని. నర్సింగ్ పూర్తి చేసి ఆ ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో చేరాను. డిస్పెన్సరీ వెనకే నాకొక గది ఇచ్చారు. ఇవాళ ఫ్లాటు ధర వింటే మీకు గుండె ఆగే కొండాపూర్ నుంచి మా కార్మికులు జొన్నచేల మధ్య సైకిళ్ళు తొక్కుకుంటూ డ్యూటీకి వచ్చేవాళ్ళు. అక్కడ ఇల్లు కొనమని ఎవరైనా నాకు చెప్పి ఉంటే, వాళ్ళకు జ్వరం ఎంతుందో చూసేదాన్ని.

మా డాక్టరు గారు మంచివారు. నేను ఎవరినైనా మంచివారు అన్నానంటే వాళ్ళతో పని కాదని అర్థం. ఎవరు ఏ బాధతో వచ్చినా ముందు ఐరన్ టానిక్ రాసేవారు. కాలు బెణికినా టానిక్కే, చెవిపోటు వచ్చినా టానిక్కే. కంపెనీ ఎక్కడో చవగ్గా దొరికిందని గదికి సరిపడా కొని పడేసింది. అది అయిపోగొట్టడమే ఆయన వైద్యం.

ఇక పాల సంగతి చెప్పాలి, అది లేకపోతే ఈ కథ లేదు. నేను చేరడానికి ముందు ఒక కార్మికుడు పొద్దున ఏమీ తినకుండా వచ్చి, నొప్పుల మాత్ర వేసుకుని, కడుపులో మంట లేచి పడిపోయాడట. దాని మీద సమ్మె జరిగింది. లాఠీలు విరిగాయి. చివరికి యాజమాన్యం దిగి వచ్చి ఒప్పందం చేసుకుంది. డిస్పెన్సరీలో మందు వేసుకునే ప్రతి కార్మికుడికీ ఆ మందుతోపాటు ఒక గ్లాసు పాలు ఇవ్వాలి, రెండూ నర్సు ఎదుటే తాగించాలి. దాన్నే మా వాళ్ళు మందుపాలు అనేవారు. ఆ ఒప్పందం వచ్చాక మా ఫ్యాక్టరీలో తలనొప్పులు పెరిగిన తీరు చూస్తే ఏ వైద్య పుస్తకమూ వివరించలేదు. క్యాంటీన్ నుంచి పాలగిన్నె వచ్చే వేళకు అందరి తలలూ ఒకేసారి నొప్పెట్టేవి. అలాగని ఎగతాళి చేసి వదిలేయలేను. ఆ పాల కోసం దెబ్బలు తిన్నవాళ్ళ వీపులకు మందు రాసింది మా డిస్పెన్సరీయే. యూనియన్‌కి అది పాలు కాదు, గెలిచిన జెండా.

ఇక అసలు మనిషి. కొండాపూర్ వాడు, లేత్ మీద టర్నరు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. వెంట్రుకవాసి తేడా లేకుండా ఇరుసు చెక్కుతాడని ఫోర్‌మనే పొగిడేవాడు. అలాంటివాడి చేతులు వణకడం మొదలైంది. ముందు కొద్దికొద్దిగా, తర్వాత టీ గ్లాసు పెదాల దాకా వచ్చేసరికి సగం చొక్కా మీదే. మాట ముద్దగా మారింది. పెదవుల పక్క చొంగ కారేది. చెక్కిన ఇరుసులు వరసగా తిరిగొచ్చేవి. మా ఫోర్‌మన్ ఏ పరీక్షా చేయకుండానే జబ్బు కనిపెట్టాడు. తాగుడు అన్నాడు.

గేటు దగ్గర వాచ్‌మన్‌ను పెట్టి రోజూ అతని నోరు వాసన చూపించారు. ఏ వాసనా రాలేదు. దాంతో అనుమానం పోయిందనుకుంటున్నారా? వాసన రాని సారా ఏదో దొరుకుతోందని పుకారు పుట్టింది. ఆ వాచ్‌మనే ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "గా సారా ఏడ దొరుకుతదో మీకేమన్న ఎరుకనా సిస్టరమ్మా?" అని ఆశగా అడిగాడు. ఆ వారమే టర్నర్‌ను సస్పెండ్ చేశారు.

మర్నాడు అతని భార్య డిస్పెన్సరీకి వచ్చింది. పుప్పాలగూడ పిల్ల. కొంగు నడుముకు దోపి, వచ్చీ రాగానే అందుకుంది.

"సిస్టరమ్మా, మా మామ తాగుతడు. మా బావ తాగుతడు. ఊరంత తాగుతది. గీయన ఒక్కడే తాగడు. గంత మందిల గీయననే పట్టిన్రా?"

"మరి ఆ వణుకు ఏమిటమ్మా?"

"గది చెప్పెతందుకే మీరున్నరు గద!"

నిజమే, అందుకే ఉన్నాం. నేను డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి పట్నంలో పెద్ద దవాఖానకు పంపిద్దామన్నాను. ఆయన ముందు టానిక్ వాడి చూద్దామన్నారు. ఈలోగా యూనియన్ సెక్రటరీ ఆఫీసులో బల్ల మీద గుద్ది, పరీక్ష చేయించకుండా తాగుబోతు అని ఎట్లంటరని అడిగి, సస్పెన్షన్ ఎత్తేయించాడు. ఆ మేలు సెక్రటరీ చేసినదే. అందులో సందేహం లేదు. కార్మికుల కోసం నిద్ర మానుకునే మనిషి అతను. అతనితో ఉన్న చిక్కల్లా, ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో ఆ మనిషి పక్కనే ఉన్నా కనబడడు.

టర్నర్‌నూ భార్యనూ వెంటబెట్టుకుని నేనే పట్నం వెళ్ళాను. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరు దీపం పెట్టి అతని కళ్ళలోకి చాలాసేపు చూశాడు. నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమరంగు వలయం ఉంది. నన్ను కూడా పిలిచి చూపించాడు. ఇది తాగుడు కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు అన్నాడు. మనం తినే ప్రతిదాంట్లో పిసరంత రాగి ఉంటుంది. అవసరానికి మించినదాన్ని మన కాలేయం బయటికి తోసేస్తుంది. ఇతని కాలేయానికి ఆ పని చేతకాదు. లోపలే పేరుకున్న రాగి కాలేయాన్ని పాడుచేసి మెదడుకు ఎక్కింది. మందు వేయకపోతే ముందు చేతులు, తర్వాత నోరు, చివరికి మనిషే పోతాడు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలు కలిస్తేనే ఈ జబ్బు వస్తుందని కూడా చెప్పాడు. తోబుట్టువులందరినీ తీసుకొచ్చి చూపించమన్నాడు. చూపించారు, అదృష్టం కొద్దీ మిగతావాళ్ళకు లేదు. ఆ తర్వాత అతని తల్లి వైపు పెద్దలూ తండ్రి వైపు పెద్దలూ కూర్చుని, మా వంశంలో లేదంటే మా వంశంలో లేదని నెల్లాళ్ళు తగువులాడుకున్నారు. సగం సగం పంచుకోవాల్సిన ఆస్తిని మాత్రం వాళ్ళు ఏనాడూ అంత ఉదారంగా ఒకరి మీదికి ఒకరు తోసుకోలేదు.

మందు విదేశాల నుంచి రావాలి. రాగిని పట్టుకుని మూత్రంలోంచి బయటికి పంపే క్యాప్సూల్. బతికున్నంత కాలం వేసుకోవాలి. ఆ డాక్టరు నా వైపు తిరిగి ఒక్కొక్కటీ నొక్కి చెప్పాడు. "సిస్టర్, ఖాళీ కడుపున, మంచినీళ్ళతో మాత్రమే. తిండికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. పాలు వద్దు. ఐరన్ టానిక్ దగ్గరికి రానివ్వొద్దు, అది ఈ మందును కడుపులోనే పట్టేస్తుంది. ఈ చిన్న విటమిన్ మాత్ర తోడుగా ఉండాలి. మూత్రం పరీక్ష మానొద్దు. మొదట్లో వణుకు ఎక్కువ కావచ్చు, భయపడి మీ అంతట మీరు ఆపేయొద్దు. ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఏదైనా తేడా వస్తే నా దగ్గరికి తీసుకురండి."

ఇంటికి వెళ్ళగానే ఆ పుప్పాలగూడ పిల్ల రాగి బిందె, రాగి చెంబు, అత్తగారి రాగి గంగాళం అన్నీ తీసుకెళ్ళి అమ్మేసి మట్టికుండ తెచ్చుకుంది. అత్తగారు ఏడ్చింది, మామగారు తిట్టాడు, ఆమె వినలేదు. రాగి సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. పాలగ్లాసు సంగతి తేలడానికి మాకెన్నాళ్ళు పట్టిందో చూడండి.

క్యాప్సూల్స్ ఖరీదైనవి. కంపెనీయే తెప్పించి ఇవ్వడానికి ఒప్పుకుంది గానీ ఇంటికి పంపనంది. పంపితే అమ్ముకుంటాడట! ఈ రోగం ఉన్నవాడు ఇంకొకడు దొరికితే గదా అమ్ముకోవడానికి. ఏమైతేనేం, పొద్దున షిఫ్టుకు ముందొకటి, మధ్యాహ్నం తిండికి గంట ముందొకటి డిస్పెన్సరీలో నా ఎదుటే మింగాలని నిర్ణయం అయింది. బీరువా తాళం నా నడుముకు చేరింది.

మొదటిరోజు క్యాప్సూల్, మంచినీళ్ళు ఇచ్చాను. అతను ఇంకా మింగుతున్నాడు, సెక్రటరీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఏంది సిస్టరమ్మా, మావోనికి పాలేవి?"

"ఇతని మందుకు పాలు పడవండి. ఖాళీ కడుపునే వేసుకోవాలి."

"గట్లనా! ఇయ్యాల గీయన మందుకు పడయ్ అంటరు. రేపు జరం గోలీకి పడయ్ అంటరు. ఎల్లుండి అందరికి నల్లా నీళ్ళే అంటరు. ఎవలు జెప్పిన్రు మీకు? పర్సనల్ ఆఫీసరా?"

"పట్నంలో డాక్టరు చెప్పారండి."

"ఆ డాక్టరు మాతోని సమ్మెల కూసున్నడా? దెబ్బలు తిన్నడా? ఒప్పందంల మందుతోని పాలు అని రాసుంది. గిట్ల ఒక్కనికి బంద్ జేస్తే అదే దారైతది. జర సోచాయించున్రి."

మనిషికి పిచ్చి పట్టింది అనుకున్నాను. ఆ సాయంత్రమే, కార్మికుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు కబురు పెట్టారు. ఆయన మా కోస్తా వారే, మాట మెత్తన. "సిస్టర్ గారూ, చాలా మంచి విషయం విన్నానండి. పాలు లేకపోతేనే మందు బాగా పనిచేస్తుందటగా?"

"ఆ ఒక్క మందుకేనండి."

"ఒక్కదానికి నిజమైతే మిగతావాటికి ఎందుకు కాకూడదండి? డాక్టరు గారి చేత ఒక ముక్క చెప్పించండి. సంస్థకు ఎంత మేలో చూడండి."

అప్పుడర్థమైంది, సెక్రటరీకి పిచ్చి పట్టలేదని. ఒకడు తోడేలు వస్తోందని అరుస్తున్నాడు, రెండోవాడు నిజంగానే పళ్ళు తోముకుంటున్నాడు. మధ్యలో మా టర్నరు చేతులు వణికించుకుంటూ నిలబడ్డాడు. నేను డాక్టరు గారి దగ్గరకు పరుగెత్తాను. ఈ ఒక్క మనిషికి, ఈ ఒక్క మందుకు పాలు వద్దని తేల్చి చెప్పమన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "చెబితే యూనియన్ చంపుతుంది. ఒక్క మనిషికే అంటే ఆఫీసరు చంపుతాడు. నేను రిటైరయ్యే ముందున్నానమ్మా. ఎందుకు మనకీ గొడవ? ఒప్పందం ప్రకారం ఇచ్చేయ్. కాస్త టానిక్ కూడా పొయ్యి, నీరసంగా ఉన్నాడు" అన్నారు.

టానిక్ వరకు నాకు చిక్కులేదు. ఆయన రాస్తూనే ఉండేవారు, నేను ఆ చెంచా కాలవలో పోస్తూనే ఉండేదాన్ని. పాలతోనే వచ్చింది తంటా. ఇవ్వడం ఆలస్యం చేసి చూశాను, గ్లాసు బల్ల మీద పెట్టి మర్చిపోయినట్టు నటించాను. మూడోనాటికి యూనియన్ ఒక మనిషిని నియమించింది. గుబురు మీసాలాయన. పని మానుకుని వచ్చి డిస్పెన్సరీ బెంచీ మీద కూర్చుని, టర్నరు క్యాప్సూల్‌తోపాటు పాలు తాగాడా లేదా అని కాపలా కాసేవాడు. తాగాక గ్లాసు బోర్లించి చూపించాలి. ప్రపంచంలో ఏ విప్లవం ఇంత శ్రద్ధగా ఒక గ్లాసు అడుగుభాగాన్ని చూసి ఉండదు.

"నువ్వే చెప్పవయ్యా, నీ మాట వింటారు" అన్నాను టర్నర్‌తో ఒకరోజు, మీసాలాయన బయటికి వెళ్ళిన సందు చూసి. అతను నోరు తెరిచాడు. మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

"వాళ్ళే... నన్ను... నౌకరీల... నిలవెట్టిన్రు... అమ్మా."

తాగుబోతని వెళ్ళగొట్టినప్పుడు అడ్డం నిలబడ్డవాళ్ళకు ఎదురు చెప్పలేడు, వాళ్ళు పోసే పాలే తాగుతాడు. అతని కృతజ్ఞతే అతన్ని తినేస్తోంది. ఆ రోజు నాకు సెక్రటరీ మీద కన్నా, ఆఫీసరు మీద కన్నా, ఆ పాల మీద కోపం వచ్చింది.

వారంలో ఒక్క ఆదివారమే మందు సవ్యంగా లోపలికి వెళ్ళేది. క్యాంటీన్‌కి సెలవు, పాలు ఉండవు, మీసాలాయన ఉండడు. కొండాపూర్ నుంచి భార్య అతన్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని తోసుకుంటూ తెచ్చేది. నేను గేటు బయటికి వెళ్ళి క్యాప్సూల్, నీళ్ళు ఇచ్చేదాన్ని. వైద్యశాస్త్రం ఆదివారం నాడు మాత్రమే అమల్లో ఉండేది.

అతను క్షీణించాడు. ఇప్పుడు చొక్కా బొత్తాం కూడా భార్యే పెట్టాలి. మూత్రం పరీక్ష మాత్రం నేను మానలేదు. చిన్న గాజుగొట్టంలో వేడిచేసి, మడ్డి కడుతుందేమో చూడాలి. కడితే మూత్రపిండాలకు దెబ్బ తగులుతోందని అర్థం. తేటగానే ఉండేది. మందు చెడు చేయలేదు సరే, మంచి కూడా చేయడం లేదని కుమిలిపోయేదాన్ని.

"గీ గోలీలు మొదలువెట్టినంక ఇంక పరేషాన్ ఎక్కువైంది సిస్టరమ్మా. బంద్ జేస్త నేను" అంది భార్య ఒక ఆదివారం.

"ఆ పని మాత్రం చేయకు తల్లీ. ఆపితే మనిషి దక్కడు. రేపు పట్నం పోదాం" అన్నాను.

పట్నం డాక్టరు అతన్ని చూసి మొహం మాడ్చుకున్నాడు. మందు ఎలా ఇస్తున్నారని అడిగాడు. చెప్పాను. "పాలతోనా! ఎవరిమ్మన్నారు?" అన్నాడు. "ఒప్పందం ఇమ్మంది డాక్టరు గారూ" అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు. తిండితో, పాలతో వేసుకుంటే చాలా మందు వృథాగా పోతుందనీ, ఇలాగే సాగితే ఇంక మాట పూర్తిగా పడిపోతుందనీ, ఆ తర్వాత మింగడం కూడా కష్టమవుతుందనీ చెప్పాడు. మందు కొరత లేకుండా మందు లేక చచ్చిపోయే రోగిని ఆయన మొదటిసారి చూస్తున్నట్టున్నాడు.

ఈలోగా ఫోర్‌మన్ ఊరుకోలేదు. తాగుబోతు అన్న మాట అబద్ధమని తేలాక అతనికి అవమానంగా ఉంది. ఇక పనికి రాడు, మెడికల్ బోర్డుకు పంపి తీసేయండని రాశాడు. బోర్డు పనికిరాడంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే కంపెనీ మందు కూడా పోతుంది. బయట ఆ మందు కొనే స్తోమత కొండాపూర్‌లో ఎవరికీ లేదు. అందుకని బోర్డు జరిగే లోపలే పాల గొడవ తేల్చాలని నేను ఇద్దరి చుట్టూ తిరిగి, బతిమాలి, డిస్పెన్సరీలో ఒక సమావేశం పెట్టించాను.

ఆ రోజు నా బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒక పక్క ఆఫీసరు, ఒక పక్క సెక్రటరీ, మధ్యలో డాక్టరు గారు, గోడ వారగా స్టూలు మీద టర్నరు, ఎప్పటి బెంచీ మీద మీసాలాయన, గుమ్మంలో టర్నరు భార్య. బల్ల మీద ఒక పాలగ్లాసు. మందు వేళ కూడా అదే. పట్నం డాక్టరు చెప్పినదంతా నేను చెప్పాను. మందు ముందు, పాలు రెండు గంటల తర్వాత, అంతే మార్పు అన్నాను.

"తర్వాత ఇస్తే అవి మందుపాలు ఎలా అవుతాయండి?" అన్నారు ఆఫీసరు. "మందుతో ఇస్తేనే మందుపాలు. తర్వాత ఇచ్చేవి ఉత్త పాలు. ఉత్త పాలు ఇవ్వడానికి ఒప్పందంలో చోటు లేదండి."

"సూశిన్రా! అందుకే మేం తోనే ఇయ్యాలంటున్నం" అన్నాడు సెక్రటరీ.

"అయితే ఇతను పాలు స్వచ్ఛందంగా వదులుకుంటున్నట్టు చెబితే సరిపోతుందండి."

"ఒక్కడు వదులుకుంటె అందరు వదులుకున్నట్టే. అయ్యేది గాదు."

డాక్టరు గారు కిటికీలోంచి చూస్తున్నారు. ఆ మాటలు అలా గంటసేపు గిరగిరా తిరిగాయి. తోనా, తర్వాతా? ఇవ్వడమా, వదులుకోవడమా? ఇంతలో టర్నరు స్టూలు మీంచి లేచాడు. అందరూ ఆగారు. అతను నోరు తెరిచాడు.

"నా... నాకు... పా..."

"పాలు కావాలంటుండు" అన్నాడు సెక్రటరీ.

"పాలు వద్దంటున్నారండి" అన్నారు ఆఫీసరు.

అతను తల ఊపాడు, ఎవరికి ఊపాడో ఎవరూ చూడలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఇద్దరూ అతని మాట పూర్తిచేశారు, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాచి బల్ల మీది గ్లాసు అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తూ సెక్రటరీ దాకా నడిచాడు. పాలు ఆఫీసరు కోటు మీద, డాక్టరు గారి కళ్ళద్దాల మీద, నేల మీద ఒలికాయి. మిగిలిన గుక్కెడు సెక్రటరీ ముందు పెట్టి, తాగమని చేత్తో చూపించాడు.

గుమ్మంలోంచి అతని భార్య అందుకుంది. "తాగుర్రి సారూ, మస్తు బలమొస్తది. మీ పాలు మీకుండాలె, మీ ఒప్పందం మీకుండాలె. నా మొగడు నాకుండొద్దా? ఆయన సచ్చినంక గోరీ మీద వోస్తరా గీ పాలు?"

నేను బీరువా తీసి క్యాప్సూల్ అతని అరచేతిలో పెట్టి, నీళ్ళు తాగించాను. అందరి ఎదుటే. మీసాలాయన బెంచీ మీంచి లేవలేదు. సెక్రటరీ తల దించుకుని ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయాడు. కార్మికుల కోసం నిద్ర మానుకునే మనిషని చెప్పాను కదా. గ్లాసును పక్కకు జరిపి, "పాలు ఉండాలె. ఏ టైముకు అన్నది సిస్టరమ్మ సూసుకుంటది" అన్నాడు. ఆఫీసరు కోటు తుడుచుకుంటూ వెంటనే ఒప్పుకున్నారు. మందుపాలు యథాతథం, వేళ మాత్రం డిస్పెన్సరీ నిర్ణయం. సాయంత్రం గేటు దగ్గర యూనియన్ గెలిచామని చెప్పుకుంది, ఆఫీసులో యాజమాన్యం గెలిచామని చెప్పుకుంది. ఆఫీసరు అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నారో ఆ రోజు మాకెవరికీ తట్టలేదు.

మెడికల్ బోర్డు వాయిదా పడింది. దయతో కాదు, బోర్డులో కూర్చోవాల్సిన పెద్ద డాక్టరుకు బదిలీ అయింది. కొత్తాయన వచ్చి, పాత కాగితాలు వెతుక్కుని, కుర్చీ నచ్చక మార్పించుకుని, పనిలో దిగేసరికి చాలా నెలలు పోయాయి. ప్రభుత్వ శాఖల నత్తనడకకు నేను జీవితంలో ఒక్కసారే దణ్ణం పెట్టాను, అది అప్పుడే. ఆ నెలల్లో క్యాప్సూల్ ప్రతి పూటా ఖాళీ కడుపున, మంచినీళ్ళతో పడింది. చాలాకాలం ఏమీ తెలియలేదు. తర్వాత చొంగ కారడం తగ్గింది. తర్వాత బొత్తాం తనే పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఫోర్‌మన్ అతన్ని మళ్ళీ లేత్ దగ్గర నిలబెట్టాడు, అదంతా తన పట్టుదల వల్లే జరిగినట్టు.

ఇక ఆఫీసరు గారి తొందర సంగతి. సమ్మె అన్న మాట ఎత్తితే పోలీసు జీపు వచ్చే రోజులు వచ్చాయి. ఒకనాడు నాకు ఉత్తర్వు అందింది. పాల వేళ డిస్పెన్సరీ నిర్ణయం గనక, ఇకమీదట అందరికీ షిఫ్టు దిగిన రెండు గంటల తర్వాత పాలు ఇవ్వవలెను. పాల కోసం రెండు గంటలు గేటు దగ్గర ఎవడు కూర్చుంటాడు? ఆఫీసరుతో పోట్లాడాను, అది నిర్ణయించాల్సింది నేనన్నాను. సిస్టర్ గారికి బదిలీ ఇష్టమా అని అడిగారు, అండి అని కూడా చేర్చారు. నెల తిరక్కుండా క్యాంటీన్ పాలగిన్నె బోర్లించేశారు. సెక్రటరీ భయపడినదంతా అక్షరాలా జరిగింది. అతను తప్పు అని ఇంతసేపూ ఎగతాళి చేసిన నాకు ఈ ముక్క ఇప్పటికీ మింగుడుపడదు.

కార్మికులు ఆఫీసరును ఏమీ అనలేకపోయారు. అనడానికి వీలైనవాడు ఒకడున్నాడు గదా, అతని మీద పడ్డారు. ఒక పొద్దున షిఫ్టుకు ముందు గేటు దగ్గర మీటింగు జరిగింది. నేను డిస్పెన్సరీ గుమ్మంలో నిలబడి వింటున్నాను.

"ఒక్కని కడుపు కోసం మనందరి పాలు పోయినయ్" అన్నాడు సెక్రటరీ స్టూలు మీద నిలబడి. తలలన్నీ టర్నరు వైపు తిరిగాయి. వీడు యాజమాన్యం మనిషి అని ఎవరో అన్నారు. టర్నరు గుంపులోంచి ముందుకు వచ్చాడు. సెక్రటరీ పాత అలవాటు కొద్దీ చెయ్యెత్తి, "జర ఆగున్రి, ఏమంటుండంటే..." అని మొదలుపెట్టాడు.

"నువ్వాగన్నా. నేనే చెప్త" అన్నాడు టర్నరు.

మాట ఎక్కడా ముద్దగా లేదు. ఆ గొంతు ఎలా ఉంటుందో చాలామంది మర్చిపోయారు.

"అన్నా, నా నౌకరీ నిలవెట్టినవ్. సచ్చేదాంక మర్వ. నా నోరు వడిపోయిననాడు నా దిక్కెల్లి నువ్వే మాట్లాడినవ్, గది గూడ మర్వ. గని నాకు పాలొద్దు అని ఒక్క మాట చెప్పెతందుకు నాకు ఇన్ని దినాలు వట్టింది. ఇన్ని దినాలు మీరెవ్వలు నా నోటి దిక్కు సూడలే. గ్లాసు దిక్కే సూశిన్రు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సెక్రటరీ స్టూలు మీంచి మెల్లగా దిగాడు. సైరన్ మోగింది, అందరూ లోపలికి నడిచారు. ఆ తర్వాత చాలా రోజులు క్యాంటీన్‌లో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ పొద్దున మాత్రం అతను లేత్ దగ్గరికి వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే చెయ్యి చాచాడు. క్యాప్సూల్ పెట్టాను. ఆ అరచెయ్యి కదలలేదు.